పెళ్లి ఫొటోలకు తక్కువ ఖర్చులో ఆఫ్‌కెమెరా ఫ్లాష్ ఎలా ఎంచుకోవాలి?

అనంతపురంలో ఒక కల్యాణ మండపం. తెల్లవారుజాము ముహూర్తం. తలంబ్రాలు మొదలైన అరనిమిషానికే నా ఫ్లాష్ ఆగిపోయింది. రాత్రంతా ఫుల్ పవర్‌లో కొట్టడంతో సెల్స్ అయిపోయాయి. పెళ్లికూతురు దోసిలి ఎత్తి బియ్యం పోసిన క్షణం నా కార్డులో చీకటిగా మిగిలింది. మళ్లీ పోయమని అడగలేం కదా! కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఆ బాధ రాకూడదనే ఇది రాస్తున్నాను.

ఆఫ్‌కెమెరా ఫ్లాష్ అంటే కెమెరా మీద కాకుండా, పక్కన స్టాండు మీద పెట్టి వెలిగించేది. ముందు ఒక్కటి చాలు. కెమెరా నుంచి వచ్చే సిగ్నల్ అందుకునే రేడియో రిసీవర్ లోపలే ఉన్న మాన్యువల్ ఫ్లాష్, అంటే పవర్ మనమే సెట్ చేసుకునేది తీసుకోండి. గోడాక్స్ టీటీ600 అలాంటిదే. 4 పెన్‌సెల్స్‌తో నడుస్తుంది, పవర్ 1/128 దాకా తగ్గుతుంది. పక్క ఫ్లాష్ వెలుగు చూసి వెలిగే స్లేవ్ రకాన్ని మాత్రం నమ్ముకోవద్దు. పెళ్లిలో ఎవరు ఫ్లాష్ కొట్టినా మీదీ వెలుగుతుంది, తీరా మీరు నొక్కేసరికి ఛార్జ్ ఉండదు.

టీటీఎల్, అంటే కెమెరానే వెలుగు కొలిచి ఫ్లాష్ పవర్ సెట్ చేసే పద్ధతి, ఇందులో లేదని టెన్షన్ పడకండి. పీటల మీద వధూవరులు కదలరు, స్టాండు మీద ఫ్లాషూ కదలదు. ఒకసారి పవర్ సెట్ చేస్తే అదే నడుస్తుంది. పైగా మధుపర్కాల తెలుపు చూసి టీటీఎల్ వెలుగు తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. ఊరేగింపులో తిరుగుతూ తీయడానికి అది బాగుంటుంది. రెండో ఫ్లాష్ కొనేటప్పుడు ఆలోచించండి.

కెమెరా మీద పెట్టి ఫ్లాష్‌కు సిగ్నల్ పంపేది ట్రిగ్గర్. అందులో మీ కెమెరా కంపెనీకి సరిపోయే మోడలే కొనాలి. ఫ్లాష్ ఏ కంపెనీదో ట్రిగ్గర్ కూడా అదే తీసుకుంటే గొడవ ఉండదు. ఇంట్లో పడి ఉన్న ఫిల్మ్ కాలం ఫ్లాష్‌ను మాత్రం కెమెరాకు తగిలించకండి. వాటిలో కొన్నిటి ట్రిగ్గర్ ఓల్టేజ్, అంటే కెమెరా కాంటాక్ట్ మీద పడే ఓల్టేజ్, 200 దాటుతుంది, కెమెరా సర్క్యూట్ కాలిపోవచ్చు.

మిగిల్చిన డబ్బు సెల్స్ మీద పెట్టండి. ఎనెలూప్ లాంటి మంచి ఛార్జింగ్ సెల్స్ మూడు సెట్లు, ఒక ఛార్జర్. వాడకంలోనూ పొదుపు ఉంది. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే శక్తి) 100 దగ్గర ఫుల్ పవర్ కావాల్సిన ఫొటోకు, ఐఎస్ఓ 1600 పెడితే 1/16 పవర్ చాలు. ఫ్లాష్ వెంటనే మళ్లీ సిద్ధమవుతుంది. పవర్ తగ్గితే మెరుపు కూడా పొట్టిదవుతుంది కాబట్టి, గాల్లో ఉన్న తలంబ్రాల గింజలు విడివిడిగా కనిపిస్తాయి.

ఫ్లాష్‌కు తగిలించే తెల్ల గొడుగు చవకే, వెలుగు మెత్తగా పడుతుంది. స్టాండు దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి మనది. శ్రావణంలో ఆరుబయట రిసెప్షన్ పెడితే గొడుగు స్టాండును లాక్కుపోతుంది, చుట్టూ పిల్లలు ఆడుతుంటారు. నీళ్లు నింపిన 2 లీటర్ల బాటిళ్లు రెండు సంచిలో వేసి స్టాండుకు కట్టినా సరే, బరువు తప్పనిసరి.

కొనేది కర్నూలులోనైనా, హైదరాబాద్ కోఠిలోనైనా కెమెరా వెంట తీసుకెళ్లండి. షాపులోనే సెల్స్ వేయించి, ఫ్లాష్‌ను కౌంటర్ మీద పెట్టించి, మీరు రోడ్డు అవతలికి వెళ్లి ఇరవై సార్లు నొక్కండి. ఒక్కసారి వెలగకపోయినా వేరే పీసు అడగండి.