ఆయిల్ బాయిలర్ బర్నర్, పాఠం 4: గాలి తీసినా మళ్లీ ఎందుకు ఆగుతోంది?

నాజిల్ (ఆయిల్‌ని సన్నగా చిమ్మే మొన) పాఠం వాయిదా. పోయినసారి చెప్పినట్టు పంపు మీది బ్లీడర్‌కి (లోపల చిక్కిన గాలిని వదిలే మొనకి) పావంగుళం గొట్టం తగిలించి, 3/8 రెంచితో వదులు చేసి, నురగ పోయేదాకా ఆయిల్ వదిలారు. బర్నర్ అంటుకుంది, పది నిమిషాలు మండింది, మళ్లీ లాకవుట్, అంటే కంట్రోల్ పెట్టె బర్నర్‌ని ఆపేసింది. ఎక్కువమంది చిక్కుకున్నది ఇక్కడే.

లాకవుట్ అయితే కంట్రోల్ మీది ఎర్ర బటన్ ఒక్కసారే నొక్కండి. నొక్కిన ప్రతిసారీ మండని ఆయిల్ ఛాంబర్‌లో చేరుతుంది. అదంతా ఒక్కసారిగా అంటుకుంటే పొగగొట్టం ఊడి, ఇల్లంతా మసి కమ్ముతుంది. ఇప్పటికే నాలుగైదుసార్లు నొక్కేసి ఉంటే టెక్నీషియన్‌ని పిలవండి.

బ్లీడర్ గొట్టంలో ఆగిన బుడగలు మళ్లీ మొదలైతే గాలి కొత్తగా దూరుతున్నట్టే. న్యూజెర్సీ, కనెక్టికట్ పాత ఇళ్లలో కొన్నిటికి ట్యాంకు భూమిలో, పంపు కన్నా కింద ఉంటుంది. పంపు పీలుస్తున్నంతసేపూ ట్యాంకు నుంచి పంపుకి వచ్చే గొట్టంలో సందుంటే ఆయిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. గొట్టం పొడిగా ఉందని లీకు లేదనుకోకండి.

నేను మొట్టమొదట అనుమానించేది ఆయిల్ ఫిల్టర్ గాస్కెట్‌నే, అంటే డబ్బాకీ పైమూతకీ మధ్య సందు మూసే రింగునే. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత గాస్కెట్ పైమూత గాడిలోనే అతుక్కుపోతుంది. నల్లబడి లోహంలో కలిసిపోతుంది కాబట్టి కంటికి ఆనదు. దానిమీదే కొత్తది వేసి బోల్టు ఎంత బిగించినా ప్రయోజనం లేదు, రెండూ ఒకదానిమీద ఒకటి జారతాయి. బర్నర్ స్విచ్ ఆపి, ట్యాంకు వాల్వు మూసి, డబ్బా దించి, గాడి పొడవునా వేలితో తడమండి. మెత్తగా తగిలితే పాతదే. చెక్కపుల్లతో లేపండి. స్క్రూడ్రైవర్ వాడితే గాడి గీసుకుపోయి, ఆ తర్వాత ఏ గాస్కెట్టూ పట్టదు. కొత్తదానికి ఆయిల్ రాయండి, నడిమి బోల్టు కింది వాషర్ కూడా మార్చండి. దాన్ని చాలామంది పాతదే ఉంచేస్తారు. డబ్బా నిండా ఆయిల్ పోసి బిగిస్తే బ్లీడింగ్ సగం తగ్గుతుంది.

అయినా బుడగలు ఆగకపోతే ఫ్లేర్ నట్లు (గొట్టం చివర గరాటులా విప్పార్చి బిగించే నట్లు) చూడండి. టెఫ్లాన్ టేపు ఎక్కడా వద్దు, దాని పీలికలు పంపులోకి పోతాయి. ఆయిల్ లైనులో కంప్రెషన్ ఫిట్టింగ్ (గొట్టం చుట్టూ రింగుని నొక్కి పట్టే అతుకు) కనబడితే తీసేసి ఫ్లేర్ వేయించండి.

లాకవుట్ కాగానే క్యాడ్ సెల్ కొనకండి. అది మంటను చూసే కన్ను, అంతే. మంట బాగుంటే దాని నిరోధం 1600 ఓమ్‌ల లోపు ఉంటుంది. గాలి కలిసిన మంట రెపరెపలాడినప్పుడు ఆ నిరోధం పైకీ కిందికీ గెంతుతుంది.

అభ్యాసం: కొత్తరకం కంట్రోళ్లలో చాలావాటికి, మంట ఉండగా బటన్‌ని సెకను లోపు తాకి వదిలితే లైటు మెరుస్తుంది. 1 మెరుపు అంటే 400 ఓమ్‌ల లోపు, 2 అంటే 800 లోపు, 3 అంటే 1600 లోపు, 4 అంటే ఆ పైన. మీ కంట్రోల్ పుస్తకంతో ఇది సరిచూసుకుని, బర్నర్ ఒక విడత మండినంతసేపూ నిమిషానికోసారి రాయండి. మూడు విడతల కాగితాలు పక్కపక్కన పెట్టండి. ఒకటీ రెండూ మధ్య నిలకడగా ఉంటే నాజిల్ పాఠానికి రండి. ఒకటి, నాలుగు, రెండు అని గెంతుతుంటే మళ్లీ ఫిల్టర్ దగ్గరికే వెళ్లండి.