అవినీతి వాగ్దానాన్ని పరీక్షించడం – 3వ పాఠం: అధ్యక్షుడి చేతిలో ఉన్నదెంత?

పోయిన పాఠంలో ఒక నాయకుడి ప్రసంగం తీసుకుని, అందులోని ఆవేశాన్ని పక్కనపెట్టి, ఆయన చేస్తానన్న పనిని ఒక్క వాక్యంలో రాయడం సాధన చేశాం. ఈ పాఠానికి ఆ వాక్యమే ముడిసరుకు. ఇప్పుడు దాని పక్కన మూడు గళ్లు గీయండి. ఆ పని ఏ సాధనంతో చేయబోతున్నాడో మొదటి గడిలో రాయాలి. తన సంతకంతో వెలువడే ఉత్తర్వా, ఒకరిని తీసేసి ఇంకొకరిని కూర్చోబెట్టడమా, కేసు పెట్టి కోర్టుకు వెళ్లడమా, లేక చట్టమా? దాన్ని ఎవరు ఆపగలరో, ఎవరు రద్దు చేయగలరో రెండో గడిలో రాయాలి. మూడో గడిలో ఒక్కటే ప్రశ్న: ఇది ఆయన చేతులు కూడా కట్టేస్తుందా, ఎదుటివాళ్ల చేతులు మాత్రమేనా?

మొదటి రెండు గళ్లు నింపడానికి కాస్త సమాచారం చాలు. మూడోదానికి ధైర్యం కావాలి. మనకు నచ్చిన నాయకుడి విషయంలో ఆ ప్రశ్న అడగాలని మనసుకు అనిపించదు. అందుకే ఆ గడిని ఖాళీగా వదలొద్దని ముందే చెబుతున్నాను.

సాధనకు అమెరికాను తీసుకుందాం. మన రాష్ట్రపతి రాజ్యాంగం 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవాలి. అమెరికాలో అధ్యక్షుడే ప్రభుత్వాధినేత. సెనేట్ (అక్కడి పార్లమెంటు ఎగువ సభ) ఆమోదంతో మంత్రులను నియమిస్తాడు, తీసేయడానికి ఇప్పుడైతే ఎవరినీ అడగనక్కర్లేదు. అవినీతిని ఒక్క మనిషి కడిగేయగలడా అన్న ప్రశ్నకు అంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు.

న్యూయార్క్ కస్టమ్స్ హౌస్

1872లో ఆదాయపన్ను ఎత్తేశాక, 1870ల్లో అమెరికా ప్రభుత్వానికి ఆ రాబడి లేదు. దిగుమతి సుంకాలే పెద్ద ఆదాయం, అందులోనూ చాలా భాగం న్యూయార్క్ రేవు నుంచే వచ్చేది. ఆ రేవు కస్టమ్స్ కార్యాలయం అప్పట్లో అక్కడి రిపబ్లికన్ పార్టీకి గుండెకాయ. ఎన్నికల్లో పార్టీకి పనిచేసినవాళ్లకు అందులో ఉద్యోగాలు. ఉద్యోగం వచ్చాక జీతంలో కొంత శాతం పార్టీ ఫండ్‌కు కట్టాలి. కట్టకపోతే ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా దిగుమతిదారుల మీద వేసిన జరిమానాల్లో అధికారులకు వాటా దక్కే పద్ధతి 1874 దాకా నడిచింది. ఈ వ్యవస్థకు న్యూయార్క్‌లో పెద్ద దిక్కు సెనేటర్ రాస్కో కాంక్లింగ్. ఆయన మనిషి చెస్టర్ ఆర్థర్ 1871 నుంచి ఆ కార్యాలయానికి కలెక్టర్, అంటే సుంకాల వసూలు చూసే ముఖ్య అధికారి.

ఇది ఒకరిద్దరు లంచం తిన్న కథ కాదని గమనించండి. ఉద్యోగం, జీతం, పార్టీ ఫండ్, ఎన్నిక, మళ్లీ ఉద్యోగం. ఇలా ఒకదాన్ని ఇంకోటి పోషించే చక్రం ఇది. ఇందులో ఒక మనిషిని తీసేస్తే ఆ కుర్చీలో ఇంకో మనిషి కూర్చుంటాడు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. వాగ్దానాన్ని పరీక్షించేటప్పుడు మీ ఊళ్లోనైనా, ఏ దేశంలోనైనా, ముందు ఈ చక్రాన్ని కాగితం మీద గీసుకోవడం అలవాటు చేసుకోండి. డబ్బు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతోందో కనిపించాకే వాగ్దానం దానిలో ఏ ముక్కను తాకుతుందో తెలుస్తుంది.

మొదటి సాధన: హేస్ సంతకం

1877లో అధ్యక్షుడైన రూథర్‌ఫర్డ్ హేస్ ఈ చక్రాన్ని ఆపాలని నిజంగానే అనుకున్నాడు. కస్టమ్స్ హౌస్ మీద జే కమిషన్‌తో విచారణ చేయించాడు. ఉద్యోగుల సంఖ్య అవసరానికి మించి ఉందని, ఐదో వంతు తగ్గించాలని ఆ కమిషన్ చెప్పింది. 1877 జూన్ 22న హేస్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఫెడరల్ అధికారులు పార్టీ సంస్థల నిర్వహణలో ఉండకూడదు, ఉద్యోగుల నుంచి పార్టీ చందాలు వసూలు చేయకూడదు అని.

గళ్లు నింపుదాం. సాధనం: ఉత్తర్వు. అమలు చేయాల్సింది ఎవరు? ఎవరి మీద ఉత్తర్వు వచ్చిందో వాళ్లే. అదే కస్టమ్స్ హౌస్‌లో నేవల్ ఆఫీసర్ అనే మరో పెద్ద పదవిలో ఉన్న అలాంజో కార్నెల్ అదే సమయంలో రాష్ట్ర రిపబ్లికన్ కమిటీకి అధ్యక్షుడు. ఆయన రెండింటిలో దేన్నీ వదలలేదు. దాంతో హేస్ రెండో సాధనం తీశాడు, నియామకం. ఆర్థర్, కార్నెల్ స్థానాల్లో కొత్త పేర్లు పంపాడు. కానీ నియామకానికి సెనేట్ ఆమోదం కావాలి, అక్కడ కాంక్లింగ్ ఉన్నాడు. 1877 డిసెంబరులో సెనేట్ ఆ పేర్లను తిప్పికొట్టింది. సెనేట్ సమావేశాలు లేని సమయం చూసి, 1878 జులైలో హేస్ ఇద్దరినీ పక్కనపెట్టాడు. కొత్తవాళ్లకు ఆమోదం దొరికేసరికి 1879 ఫిబ్రవరి అయింది.

అంటే ఒక్క కార్యాలయంలో ఇద్దరు అధికారులను మార్చడానికి, మంచి ఉద్దేశమున్న అధ్యక్షుడికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఇక పార్టీ చందాల మీద నిషేధాన్ని చాలాచోట్ల పట్టించుకోనే లేదు. కార్నెల్ అయితే 1879 నవంబరులో న్యూయార్క్ గవర్నర్‌గా గెలిచాడు. రెండో గడి ఎంత బరువైందో ఇక్కడ తెలుస్తుంది. హేస్ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. నిజాయితీని కొలిచే గడి మాత్రం మన పట్టికలో లేదు, ఉండకూడదు కూడా.

రెండో సాధన: ఆర్థర్ సంతకం

1880 ఎన్నికల్లో రిపబ్లికన్లు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను అధ్యక్ష పదవికి, కాంక్లింగ్ వర్గాన్ని బుజ్జగించడానికి ఆర్థర్‌ను ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టి గెలిచారు. 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో చార్లెస్ గిటో అనే వ్యక్తి గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. పార్టీకి తాను చేసిన సేవకు బదులుగా పారిస్‌లో కాన్సుల్ (దౌత్య అధికారి) ఉద్యోగం రావాల్సిందని అతని పట్టుదల. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. హేస్ తీసేసిన కస్టమ్స్ కలెక్టరే ఇప్పుడు దేశాధ్యక్షుడు.

సంస్కరణ కోరేవాళ్లకు అంతకన్నా చెడ్డ వార్త ఉండదని ఎవరైనా అనుకుంటారు. అయినా ఉద్యోగాలకు పోటీ పరీక్షలు పెట్టే చట్టం మీద 1883 జనవరి 16న సంతకం చేసింది ఆ ఆర్థరే. ఒహాయో డెమొక్రాట్ సెనేటర్ జార్జ్ పెండిల్టన్ పేరుతో అది పెండిల్టన్ చట్టమైంది. దాని ముసాయిదా రాసిన డోర్మన్ ఈటన్ అంతకుముందు బ్రిటిష్ సివిల్ సర్వీసును దగ్గరగా అధ్యయనం చేసినవాడు. బ్రిటన్ పోటీ పరీక్షల పద్ధతిని తొలుత పెద్దఎత్తున అమలు చేసింది 1855 నుంచి భారతదేశానికి పంపే అధికారుల ఎంపికలోనే. గ్రూప్-1కీ సివిల్స్‌కీ చదివే మన పిల్లలకు ఈ చుట్టరికం తెలిస్తే బాగుంటుంది.

ఈ చట్టం ఎందుకు గట్టెక్కిందో జాగ్రత్తగా చూడండి, ఈ పాఠంలో ఇదే కీలకం. గార్‌ఫీల్డ్ హత్యతో జనంలో కోపం ఉంది. కానీ కోపం ఒక్కటే అయితే 1881 చివర్లోనే చట్టం రావాలి. 1882 నవంబరు ఎన్నికల్లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో ఓడిపోయారు. 1884లో అధ్యక్ష పదవి కూడా పోవచ్చన్న భయం పట్టుకుంది. పదవి పోతే డెమొక్రాట్లు వచ్చి తమవాళ్లందరినీ ఊడబెరుకుతారు. చట్టం ఉంటే ఉద్యోగుల్లో కొందరికైనా రక్షణ దొరుకుతుంది. పాత సభ గడువు తీరకముందే బిల్లును పాస్ చేసేశారు. వాళ్ల భయం నిజమే అయింది, 1884లో గ్రోవర్ క్లీవ్‌లాండ్ గెలిచాడు.

ఇప్పుడు గళ్లు. సాధనం: చట్టం. రద్దు చేయగలిగేది: మళ్లీ రెండు సభలూ కలిస్తేనే. మూడో గడి: అవును, ఇది అధ్యక్షుడి చేతులు కట్టేసింది. చట్టం కిందికి వచ్చిన ఉద్యోగాల్లో ఇక ఆయన కూడా తనవాళ్లను నింపలేడు. పరీక్షల బాధ్యత ముగ్గురు సభ్యుల కమిషన్‌ది, అందులో ఒకే పార్టీవాళ్లు ఇద్దరికి మించకూడదు. ఫెడరల్ ఉద్యోగుల నుంచి చందాలు గుంజడం నేరమైంది.

మొదట్లో ఇది దాదాపు పదో వంతు ఉద్యోగాలకే వర్తించింది. అయితే పరిధిని పెంచే అధికారం అధ్యక్షుడికి ఇచ్చారు. పదవి దిగిపోయే ప్రతి అధ్యక్షుడికీ తాను వేసినవాళ్లను కాపాడుకోవాలనే ఉంటుంది కాబట్టి, పరిధి పెంచి పోయేవాడు. అలా 20వ శతాబ్దం తొలి దశాబ్దం ముగిసేసరికి సగానికి పైగా ఉద్యోగాలు పరీక్షల కిందికి వచ్చేశాయి. స్వార్థం కూడా సంస్కరణ వైపే లాగేలా రాసిన చట్టం ఇది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

చక్రం ఆగిందా? ఒక ముక్క ఆగింది. ఉద్యోగుల జీతాల నుంచి వచ్చే డబ్బు తగ్గేసరికి పార్టీలు పెద్ద కంపెనీల వైపు తిరిగాయి. ఆ కంపెనీలు ఫెడరల్ ఎన్నికలకు విరాళాలు ఇవ్వకుండా ఆపడానికి 1907లో టిల్‌మన్ చట్టం తేవాల్సి వచ్చింది. అందుకే చక్రాన్ని గీసుకోమన్నాను. ఒకచోట కట్టేస్తే డబ్బు ఎటు మళ్లుతుందో మీ కాగితం మీద బాణం గుర్తు వేసి పెట్టుకోండి.

కేసులు పెట్టడం గురించి ఒక మాట

అదే ఆర్థర్ హయాంలో స్టార్ రూట్ కుంభకోణం విచారణ నడిచింది. మారుమూల ప్రాంతాలకు టపా చేరవేసే కాంట్రాక్టుల్లో ప్రభుత్వానికి జరిగిన మోసమది. దర్యాప్తు గార్‌ఫీల్డ్ మొదలుపెట్టాడు, ఆర్థర్ కొనసాగించాడు. నిందితుల్లో ఆర్థర్ సొంత పార్టీ పెద్దలే ఉన్నారు. 1883లో ముఖ్య నిందితులను జ్యూరీ నిర్దోషులుగా వదిలేసింది. కేసు పెట్టించడం దాకానే అధ్యక్షుడి పని, తీర్పు ఆయన చేతిలో లేదు, ఉండకూడదు. కాబట్టి "ఫలానావాళ్లను జైల్లో పెడతాను" అన్న వాగ్దానం ఎదురైతే రెండో గడిలో జ్యూరీ, జడ్జి, అప్పీలు కోర్టు అని రాయడం మరవొద్దు.

మన కాలానికి వస్తే

1993లో బిల్ క్లింటన్, పదవిలో చేరిన రోజే ఒక ఉత్తర్వు ఇచ్చాడు. తన పెద్ద అధికారులు ఉద్యోగం వదిలాక ఐదేళ్లపాటు తాము పనిచేసిన శాఖ దగ్గర లాబీయింగ్ (డబ్బు తీసుకుని ఇంకొకరి తరఫున అధికారులను ఒప్పించే పని) చేయకూడదని. 2000 డిసెంబరులో, పదవి దిగే ముందు, తానే రద్దు చేశాడు. 2017 జనవరిలో డొనాల్డ్ ట్రంప్ అలాంటి ఐదేళ్ల నిషేధమే పెట్టాడు. 2021 జనవరిలో, దిగిపోయే ముందు, ఆయనా రద్దు చేశాడు. ఇద్దరివీ వేర్వేరు పార్టీలు, పట్టికలో గళ్లు మాత్రం ఒక్కలాగే నిండుతాయి. సాధనం ఉత్తర్వు, రద్దు చేయగలవాడు తానే. మూడో గడిలో "పదవిలో ఉన్నంతకాలమే" అని రాయాలి. ఆ నిషేధం అసలు అవసరపడేది పదవి దిగాకే!

చట్టం ఉంటే చాలు అనుకోకండి. అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత, 1978లో వచ్చిన చట్టంతో ప్రధాన శాఖల్లో ఇన్‌స్పెక్టర్ జనరల్స్‌ను పెట్టారు. శాఖ లోపలే ఉండి దుబారానూ మోసాన్నీ పట్టుకోవడం వాళ్ల పని. తీసేయాలంటే 30 రోజుల ముందు, కారణాలు వివరిస్తూ అమెరికా కాంగ్రెస్‌కు (అక్కడి పార్లమెంటుకు) చెప్పాలి. 2025 జనవరిలో ట్రంప్ ఆ నోటీసు లేకుండానే పదిహేను మందికి పైగా ఇన్‌స్పెక్టర్ జనరల్స్‌ను తీసేశాడు. అది చట్టవిరుద్ధమని అదే ఏడాది సెప్టెంబరులో ఒక ఫెడరల్ జడ్జి చెప్పినా, వాళ్లను తిరిగి ఉద్యోగాల్లో పెట్టమని ఆదేశించలేదు. కనుక చట్టమని రాసిన ప్రతిచోటా పక్కన ఇంకో ప్రశ్న చేర్చండి: ఉల్లంఘిస్తే ఏమవుతుంది?

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. సొంత ఆర్థిక ప్రయోజనమున్న ఫైలు మీద పనిచేయడం అమెరికాలో ఫెడరల్ అధికారులకు నేరం. ఆ నిబంధన అధ్యక్షుడికీ ఉపాధ్యక్షుడికీ వర్తించదు. మూడో గడి ఎందుకంత ముఖ్యమంటున్నానో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అభ్యాసం

2020 అక్టోబరులో ట్రంప్ ఒక ఉత్తర్వుతో 'షెడ్యూల్ ఎఫ్' అనే కొత్త వర్గాన్ని సృష్టించాడు. విధాన రూపకల్పనలో పాలుపంచుకునే శాశ్వత ఉద్యోగులను అందులోకి మార్చి, తేలిగ్గా తీసేసే వీలు కల్పించడం దాని సారాంశం. 2021 జనవరిలో బైడెన్ దాన్ని రద్దు చేశాడు. 2025 జనవరి 20న ట్రంప్ మళ్లీ తెచ్చాడు. మాట వినని అధికారులను జవాబుదారీ చేయడానికేనని సమర్థించేవాళ్లు అంటారు. పెండిల్టన్ చట్టానికి ముందున్న రోజులు తిరిగొస్తాయని వ్యతిరేకించేవాళ్లు అంటారు.

మూడు గళ్లూ రెండుసార్లు నింపండి. ఒకసారి ఈ ఉత్తర్వు ఇచ్చింది మీకు నచ్చిన అధ్యక్షుడు అనుకుని, ఇంకోసారి బొత్తిగా నచ్చని అధ్యక్షుడు అనుకుని. ఎక్కడైనా జవాబు మారితే ఆ గడి చుట్టూ గీత గీయండి. తర్వాత న్యూయార్క్ చక్రం బొమ్మను పక్కన పెట్టుకుని, ఈ ఉత్తర్వు అందులో ఏ ముక్కను తాకుతుందో రెండు వాక్యాల్లో రాయండి. నాలుగో పాఠంలో కోర్టుల సంగతి చూద్దాం. వర్జీనియా మాజీ గవర్నర్ బాబ్ మెక్‌డానెల్ కేసులో 2016లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఏది లంచం కిందికి వస్తుందో, ఏది రాదో అక్కడ మొదలుపెడతాం. ఈ పట్టిక కాగితం అప్పటిదాకా దాచుకోండి, రెండో గడికి అక్కడ పని ఉంది.