కొలెస్టెరిక్ మిశ్రమంలో రంగు రావట్లేదా?

కొలెస్టెరిక్ అంటే అణువులు మెలికలా పేర్చుకుని, వేడిని బట్టి రంగు మార్చే లిక్విడ్ క్రిస్టల్. కొలెస్టెరిల్ ఒలీల్ కార్బొనేట్, పెలార్గొనేట్, బెంజోయేట్ కలిపి కరిగించి, రెండు గాజు పలకల మధ్య పెట్టారు. రంగు రాలేదు. తూకం తప్పిందని పారబోయకండి, ముందు థర్మామీటర్ చూడండి.

సమస్య: రంగే లేదు, మిశ్రమం మాత్రం శుభ్రంగా ఉంది.

కారణం: పై వరుసలోనే 0.45, 0.45, 0.10 గ్రాములు కలిపితే రంగులు దాదాపు 26.5 నుంచి 30.5 డిగ్రీల మధ్యే కనిపిస్తాయి. మే నెలలో విజయవాడలో ఏసీ లేని ల్యాబ్ పొద్దున్నే ఆ హద్దు దాటేస్తుంది. వేడెక్కేకొద్దీ అణువుల మెలిక బిగుసుకుంటుంది. పిచ్ (ఒక పూర్తి మెలిక పొడవు) తగ్గి, రంగు ఎరుపు నుంచి ఆకుపచ్చకి, నీలానికి జరిగి, ఆపైన కంటికి అందదు.

పరిష్కారం: పలక మీద చల్లని నీళ్ల గ్లాసు అర నిమిషం ఆనించి తీసేయండి. ఆనిన చోట ఎరుపు, చుట్టూ ఆకుపచ్చ, అంచున నీలం వస్తే మీ మిశ్రమానికి ఏ లోపమూ లేదు, గదే వేడి. ఎండాకాలానికి కార్బొనేట్ తగ్గించి పెలార్గొనేట్ పెంచండి. 0.36, 0.54, 0.10 అయితే 34–37 డిగ్రీల దగ్గర రంగులొస్తాయి.

సమస్య: పెరుగులా తెల్లగా ఉంది.

మెలికల అక్షాలు తలో దిక్కుకి తిరిగాయి. పై పలకను వేలితో కాస్త జరపండి, చాలు. కింద నల్ల కాగితం ఉందా? ఈ రంగు ప్రతిఫలించే వెలుగు; తెల్ల కాగితం పెడితే వెలవెలబోతుంది. చాలాసార్లు గొడవంతా ఇదే.

సమస్య: గింజలు కనిపిస్తున్నాయి.

ఏదో ఒకటి పూర్తిగా కరగలేదు, లేదా చల్లారాక విడిపోయింది. నీళ్లలా తేటపడేదాకా వేడి చేసి, కలిపి, మళ్లీ చల్లార్చండి.

సమస్య: రెండు కైరల్ (కుడి లేదా ఎడమ వాటం ఉన్న) పదార్థాలు కలిపితే మెలికే మాయమైంది.

ఇది తమాషా కేసు. కొలెస్టెరిల్ క్లోరైడ్‌ది కుడివాటం మెలిక, మిరిస్టేట్‌ది ఎడమవాటం. బరువులో 1.75కి 1 చొప్పున కలిపితే 42 డిగ్రీల దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుని మామూలు నెమాటిక్‌లా (మెలిక లేకుండా అణువులన్నీ ఒకే దిక్కుకి ఉండే లిక్విడ్ క్రిస్టల్‌లా) ప్రవర్తిస్తాయి. పాళ్లు మార్చండి, లేదా ఒకే వాటం ఉన్నవి తీసుకోండి.

వాటం తెలియాలంటే సర్క్యులర్ పోలరైజర్లున్న (ఒక్కో కంటికి ఒక్కో వాటం వెలుగునే వదిలే) త్రీడీ సినిమా కళ్లద్దాలు పెట్టుకుని, రంగొచ్చిన పలకను ఒక్కో కన్నూ మూసి చూడండి. ఒక కంటికి రంగు మెరుస్తుంది, రెండో కంటికి దాదాపు ఆరిపోతుంది. పెలార్గొనేట్ మిశ్రమం ఏ కంటికి మెరిసిందో గుర్తు పెట్టుకోండి, అది ఎడమవాటం.