ఆడబిడ్డకు చేసిన ఆపరేషనే మీకూ కావాలా?

పిల్లలకు ఎండాకాలం సెలవులు ఇవ్వగానే బరువు తగ్గే ఆపరేషన్ కోసం నెల్లూరు నుంచి చెన్నై రైలెక్కేవాళ్లు ఉంటారు. ఈసారి టికెట్ తీసేముందు ఇది చదవండి.

మొన్న కావలి వైపు నుంచి ఒకామె డైట్ రాయించుకోవడానికి నా దగ్గరికొచ్చింది. స్లీవ్, అంటే జీర్ణాశయం కోసి సన్నటి గొట్టంలా చేసే ఆపరేషన్, చేయించుకుని ఏడు నెలలు. బరువు బాగానే తగ్గింది. కానీ పడుకుంటే గొంతులోకి పుల్లనీళ్లు ఎగదన్నుతున్నాయని మూడు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోతోంది. ఇంతకుముందు గుండెల్లో మంట ఉండేదా అని అడిగా. "పెద్దగా లేదు మేడం, పొద్దున్నే ఒక గ్యాస్ మాత్ర వేసుకునేదాన్ని, అంతే." ఎన్నాళ్లుగా? ఆరేళ్లుగా. మరి డాక్టరుకు చెప్పలేదా? "గ్యాస్ మాత్ర కూడా చెప్పాలా?" స్లీవే ఎందుకు అడిగావంటే, ఆడబిడ్డకు అదే చేశారట.

నేను చూసినవాళ్లలో ఎక్కువమంది బోల్తా పడింది ఇక్కడే. ఫలానా ఆమెకు చేసిందే నాకూ చేయండి అని అడగడం. ఆమె పొట్ట వేరు, మీ పొట్ట వేరు.

స్లీవ్‌లో జీర్ణాశయం ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేస్తారు. వద్దనుకున్నా మళ్లీ అతికించలేరు. మిగిలిన సన్నటి గొట్టంలో ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి తంతుంది. అందుకే మంట గట్టిగా ఉన్నవాళ్లకు మామూలుగా బైపాస్ చెప్తారు. గుండెకు చేసేది కాదు, పొట్టను చిన్న సంచీలా చేసి పేగుకు కలిపే ఆపరేషన్. షుగర్ అదుపుకి కూడా బైపాస్‌దే పైచేయి. అలాగని అందరూ బైపాస్‌కి ఎగబడొద్దు. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం మింగాలి. సిగరెట్ మాననివాళ్లకు, మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లేకుండా పూట గడవనివాళ్లకు పేగు కలిపిన చోట పుండ్లు పడతాయి. తీపి తింటే కొందరికి గుండెదడ, చెమటలు, విరేచనాలు. మలై కాజా మీద ప్రాణం ఉన్నవాళ్లు ముందే ఆలోచించుకోండి. పొట్టలో పెట్టే బెలూన్ సంగతంటారా, కొన్ని నెలలకు తీసేస్తారు, తర్వాత బరువు తిరిగొచ్చినవాళ్లే నాకు ఎక్కువ తగిలారు.

కాబట్టి ఆడబిడ్డను అడగడం ఆపి ఇవి చేయండి.

ఎండోస్కోపీ చేయించాకే ఏ ఆపరేషనో తేల్చుకోండి.

మందుల సంచీ మొత్తం డాక్టరు బల్ల మీద బోర్లించండి, గ్యాస్ మాత్రతో సహా. బరువు తగ్గే ఇంజెక్షన్ వాడుతుంటే మత్తు డాక్టరుకు కూడా చెప్పాలి.

గురక ఉంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూసే నిద్ర పరీక్ష చేయించుకోండి. దాచొద్దు, మత్తు దగ్గర ప్రాణం మీదికొస్తుంది.

ప్యాకేజీ తక్కువని ఆపరేషన్ రకం మార్చుకోవద్దు.

ఆపరేషన్ అయ్యాక షుగర్ మందు పాత మోతాదే కొనసాగించొద్దు. తిండి తగ్గిపోతుంది, షుగర్ పడిపోయి స్పృహ తప్పుతారు.

రోహిణి కార్తెలో ఇంటికొచ్చినా సరే, నీళ్లు గటగటా తాగొద్దు. గుక్క గుక్కగా రోజంతా తాగుతూనే ఉండాలి.

ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దు.

వాంతులు ఆగకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకోకండి. బి1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ పెడితే మెదడు దెబ్బతినొచ్చు.

మొదటి వారాల్లో గుండె వేగంగా కొట్టుకుని, జ్వరం, కడుపునొప్పి, ఆయాసం వస్తే కుట్టు దగ్గర లీకై ఉండొచ్చు. గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే సర్జన్‌కు ఫోన్ చేసి బయల్దేరండి.