పెట్రోల్ లాన్ మోవర్: వానలకు ముందు విప్పి చూడాల్సినవి

వేసవంతా స్కూలు షెడ్డులోనో, అపార్ట్‌మెంటు సెల్లారులోనో పడి ఉన్న గడ్డి మిషన్‌ను జూన్‌లో రెండు వానలు పడి గడ్డి మోకాలెత్తు పెరిగాక బయటికి లాగుతారు. తాడు ఎన్నిసార్లు గుంజినా అది పలకదు. ఇంజిన్ పోయిందనుకుని ఆటోలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ దారి పడతారు. చాలాసార్లు పోయింది ఇంజిన్ కాదు, మార్చిలో ట్యాంకులో వదిలేసిన పెట్రోలు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బొరేటర్‌కు ముందు వెళ్లేది ఆ అడుగు నీరే. మిగతా పెట్రోలు ఆవిరై, కార్బొరేటర్ అడుగునున్న చిన్న గిన్నెలో, అంటే బౌల్‌లో, వార్నిష్‌లాంటి జిగురు మిగులుతుంది. పెట్రోలును కొలిచి వదిలే జెట్‌లోని సన్నని రంధ్రం మూసుకుపోవడానికి ఆ జిగురు చాలు. అందుకే నెల దాటిన పెట్రోలు మిషన్‌లో పోయొద్దు. ఒకటి రెండు లీటర్లకు మించి నిల్వ పెట్టొద్దు. మంచినీళ్ల సీసాలో కాకుండా మూత బిగుతుగా పట్టే డబ్బాలో ఉంచాలి.

ఏ పని మొదలుపెట్టినా ముందు స్పార్క్ ప్లగ్ మీది వైరు క్యాప్ పీకి పక్కన పెట్టండి. బ్లేడును చేత్తో తిప్పినా ఇంజిన్ తిరుగుతుంది. అందులో పాత పెట్రోలు ఉంటే ఒక్కసారి అంటుకున్నా వేళ్లు మిగలవు.

కార్బొరేటర్ శుభ్రం చేయడం అరగంట పని. ఫ్యుయల్ కాక్, అంటే పెట్రోలు కుళాయి, మూయండి. కాక్ లేకపోతే పైపును మెత్తగా క్లిప్‌తో నొక్కండి. బౌల్ కింద ఒక గిన్నె పెట్టి అడుగున ఉన్న బోల్టు విప్పాలి, ఎక్కువ మిషన్లకు అది 10 నంబరు స్పానరుకు వస్తుంది. గిన్నెలో పడిన దాన్ని కాసేపు కదపకుండా ఉంచితే నీళ్లు అడుగున బుడగలుగా కనిపిస్తాయి. అవి కనిపిస్తే ట్యాంకు కూడా మొత్తం ఖాళీ చేయాలి. తర్వాత మెయిన్ జెట్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, స్పష్టంగా కనబడాలి. కొన్ని ఇంజిన్లలో ఆ బౌల్ బోల్టే జెట్, దాని పక్కనున్న సన్నని రంధ్రాన్ని ఎవరూ పట్టించుకోరు. మూసుకుపోతే కార్బ్ క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో పొడవాలి. సూది, గుండుసూది వాడితే రంధ్రం పెద్దదై, ఇక ఆ మిషన్ జీవితాంతం పెట్రోలు ఎక్కువ తాగి నల్లపొగ వదులుతుంది. పంక్చర్ షాపు గాలి కొట్టించడం మంచిదే, అయితే బౌల్‌లో తేలే ఫ్లోట్, దాని సూది తీసేశాకే. బౌల్ రబ్బరు రింగు ఉబ్బి గాడిలో కూర్చోకపోతే బలవంతంగా బిగించొద్దు, కొత్తది వేయండి.

చోక్ (గాలి తగ్గించే మీట) వేసినంతసేపూ నడిచి, తీయగానే ఆగిపోతే జెట్ ఇంకా మూసుకునే ఉందన్నమాట. ఖాళీగా తిరుగుతుంటే చప్పుడు హెచ్చుతగ్గులుగా ఊగుతుంటే ఐడిల్ జెట్ వైపు చూడాలి. ఆ ఊగుడు పోగొట్టడానికి ఇంజిన్ స్పీడును అదుపులో ఉంచే గవర్నర్ స్ప్రింగును లాగి కట్టేవాళ్లున్నారు. రోగం ఆ స్ప్రింగులో లేదు, దాన్ని ముట్టొద్దు. స్పీడు హద్దు దాటితే బ్లేడు ముక్కై ఎగరొచ్చు.

ప్లగ్ సంగతి చిన్నదే. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, కరెంటు రావడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. నల్ల మసి పడితే ఫిల్టర్ మూసుకుందేమో చూడండి. ప్లగ్ కొసల మధ్య గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గర పెడితే ఎక్కువ మోవర్లకు సరిపోతుంది. ముందు చేత్తో పూర్తిగా తిప్పి, ఆఖర్న మాత్రమే పానా పెట్టాలి. హెడ్ అల్యూమినియం, మర పోతే ఖర్చు ప్లగ్‌తో తీరదు.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజిదైతే సబ్బు నీళ్లలో పిండి, పూర్తిగా ఆరబెట్టి, నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ రాసి పిండేయాలి. కాగితందైతే నీళ్లు, ఆయిల్ తగలనివ్వొద్దు, తట్టి దులపడమే. గుంటూరు వైపు ఎండిన నల్లరేగడి ధూళి పిండిలా ఉంటుంది, వేసవిలో కోసిన ప్రతిసారీ దులుపుకోవాలి.

ఆయిల్ ఎస్‌ఏఈ 30 లేదా 10డబ్ల్యూ-30. మన ఎండలకు మొదటిదే మేలు. ఇంజిన్ సైజును బట్టి అర లీటరు నుంచి 650 మిల్లీలీటర్ల వరకు పడుతుంది. ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి వెచ్చగా ఉన్నప్పుడు దించితే మడ్డి కూడా వచ్చేస్తుంది. కొత్త మిషన్‌కు మొదటి మార్పు తొందరగా, తర్వాత 50 గంటలకోసారి లేదా ఏడాదికోసారి. డిప్‌స్టిక్ తిప్పి బిగించి చూడాలా, ఊరికే పెట్టి చూడాలా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, పుస్తకం చూసుకోండి. ఎక్కువ పోస్తే అదంతా ఎయిర్ ఫిల్టర్‌లోకి కక్కుతుంది. పెట్రోలులో కలిపే స్కూటర్ 2టీ ఆయిల్ దీనికి పనికిరాదు.

ఇక బ్లేడు. కోసిన మర్నాడు గడ్డి కొసలు తెల్లగా చీలి కనిపిస్తే మొద్దుబారిందని అర్థం. మిషన్ పక్కకు వాల్చేటప్పుడు కార్బొరేటర్, ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండాలి. తిరగేస్తే ఆయిల్ సిలిండర్‌లోకి పోయి తెల్లపొగ మేఘం లేస్తుంది. అలా జరిగితే భయం లేదు, ఐదు పది నిమిషాల్లో కాలిపోతుంది. బ్లేడు తిరగకుండా డెక్‌కు, అంటే బ్లేడును కప్పే తొడుగుకు, చెక్క అడ్డం పెట్టి బోల్టు విప్పండి. పాత కోణాన్నే, దాదాపు 30 డిగ్రీలు, ఆకురాయితో నిలబెట్టాలి. కత్తిలా పల్చగా పదును పెడితే మొదటి రాయికే వంగుతుంది. గ్రైండర్‌తో రుద్దేటప్పుడు నీలం రంగు తిరిగితే ఉక్కు మెత్తబడిపోయినట్టే. తర్వాత గోడకు కొట్టిన మేకుకు నడిమి రంధ్రం తగిలించి చూడండి. ఏ కొస వాలితే అటు ఇంకొంచెం రుద్దాలి. తూకం తప్పిన బ్లేడు చేతుల్ని తిమ్మిరెక్కించి, కొన్నాళ్లకు క్రాంక్ (బ్లేడును తిప్పే ఇరుసు) సీలునూ కొరికేస్తుంది. బిగించేటప్పుడు రెక్కలు పైకి, ఇంజిన్ వైపు ఉండాలి. తిరగేసి బిగించినా బ్లేడు తిరుగుతుంది, గడ్డి మాత్రం తెగదు.

రాయికో పైపు మూతకో ఠంగున తగిలి ఆగిందా? ఆ తర్వాత తాడు వెనక్కి చేతిని గుంజితే, ఫ్లైవీల్ చక్రాన్ని క్రాంక్‌కు పట్టి ఉంచే చిన్న కీ తెగి టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) జారిందేమో చూడాలి. చాలా ఇంజిన్లలో క్రాంక్ వంగకుండా కాపాడడానికే దాన్ని మెత్తటి లోహంతో చేస్తారు. బాగానే ఉందనిపించినా ఫ్లైవీల్ విప్పి చూడాలి, రవ్వంత జారినా స్టార్టింగ్ చెడుతుంది. ఇది మాత్రం ఫ్లైవీల్ ఊడదీసే పుల్లర్ ఉన్న మెకానిక్ దగ్గర చేయించండి.

వాన తడి ఆరకముందు, మంచు ఆరకముందు కోయొద్దు. నల్లరేగడి బంకమట్టి, తడి గడ్డి కలిసి డెక్ లోపల అట్టకడతాయి, ఇంజిన్ మీద బరువు పడి ఆగిపోతుంది. ఆరాక చెక్క ముక్కతో గీరాలి. ప్రెషర్ పంపు కొడితే నీళ్లు బేరింగుల్లోకీ కార్బొరేటర్‌లోకీ పోతాయి. మోకాలెత్తు పెరిగినదాన్ని ఒక్కసారే నేలమట్టం చేయడం అటు గడ్డికీ ఇటు మిషన్‌కూ చేటు. ఎత్తులో మూడో వంతు తీసి, మూడు నాలుగు రోజులు ఆగి మళ్లీ తీయండి.

మళ్లీ మూల పెట్టే రోజున ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపించాలి. బౌల్ బోల్టు ఒకసారి విప్పి చివరి చుక్క దించాలి. ప్లగ్ తీసి చెంచాడు ఆయిల్ పోసి, తాడు రెండు మూడుసార్లు మెల్లగా లాగి, ప్లగ్ బిగించి, తాడు బరువుగా తగిలిన చోట ఆపేయండి. అక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. జూన్‌లో తొలి స్టార్ట్‌కు కొంచెం పొగ వస్తుంది. అది ఆ చెంచాడు ఆయిలే.