నంబరుతో పలుకుతుంది, పేరుతో పలకదు: చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో పేర్ల చిక్కు

"ఏటి బాబూ, నిన్న సాయంత్రం వరకూ బాగానే ఉంది కదా, ఇవాళ ఏటైపోనాది?" శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర డీటీపీ షాపు ఆయన ఫోను. అక్కడ విండోస్ కంప్యూటర్లు రెండు, ఉబుంటు (లినక్స్ రకం) ఒకటి, డిజైనింగ్‌కి ఒక మ్యాక్. మన నదుల పేర్లే పెట్టాం: విండోస్‌వి వంశధార, బాహుదా, ఉబుంటు నాగావళి, మ్యాక్ మహేంద్రతనయ. పెళ్లికార్డుల ఫైళ్లన్నీ నాగావళిలో ఉంటాయి. ఇవాళ ఆ పేరు కొడితే ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. ముహూర్తాల రోజుల్లో అది దొరక్కపోతే షాపు ఆగిపోయినట్టే.

ముందు ఒక్కటి తేల్చుకోండి. నాగావళి ఐపీ నంబరుకి, అంటే 192.168.1.20 లాంటిదానికి, పింగ్ ("ఉన్నావా?" అని అడిగే కమాండ్) కొట్టండి. జవాబు రాకపోతే కేబుల్, వైఫై, ఫైర్‌వాల్ చూసుకోవాలి. పేర్ల జోలికి ఇంకా వెళ్లొద్దు. నంబరుకి పలికి పేరుకి పలకకపోతేనే కింద రాసినవి మీకు పనికొస్తాయి.

సమస్య: విండోస్ నుంచి విండోస్ దొరుకుతుంది, ఉబుంటుకీ మ్యాక్‌కీ మాత్రం దొరకదు

కారణం: రౌటర్‌కి పేర్లు తెలియకపోతే కంప్యూటర్లు వీధిలో కేకేసినట్టు "వంశధార ఎవరు?" అని అందరినీ అడుగుతాయి. ఆ కేక ఒక్కో సిస్టమ్‌ది ఒక్కో తీరు. విండోస్‌ది పాత నెట్‌బయాస్, ఆ తర్వాత వచ్చిన ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్. మ్యాక్, ఉబుంటు అడిగేది ఎమ్‌డీఎన్‌ఎస్‌లో. మ్యాక్‌లో దాన్ని బాంజూర్ అంటారు, ఉబుంటులో అవాహీ.

పరిష్కారం: పేరు చివర చుక్క పెట్టి లోకల్ చేర్చండి: వంశధార.లోకల్, నాగావళి.లోకల్. టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. కొత్త విండోస్ 10, విండోస్ 11లకి ఇది అర్థమవుతుంది. ఉబుంటు డెస్క్‌టాప్‌లో అవాహీ ముందే ఉంటుంది, సర్వర్ ఎడిషన్ అయితే మనమే వేసుకోవాలి. విండోస్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కి మార్చండి. పబ్లిక్‌లో ఉన్న మెషీన్ పక్కవాళ్ల కేకలకి బదులివ్వకుండా ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది.

పేరు పొడవు కూడా చూసుకోవాలి. నెట్‌బయాస్ లెక్కలో పేరుకి 15 అక్షరాలే. మహేంద్రతనయ ఇంగ్లీషులో రాస్తే 14, సరిపోయింది. మహేంద్రతనయ-1, మహేంద్రతనయ-2 అని పెట్టి ఉంటే చివరి అంకె తెగిపోయి ఇద్దరికీ ఒకటే పేరు మిగిలేది.

సమస్య: ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు

ఆ రోజు షాపులో జరిగింది ఇదే. అన్నిటికన్నా ఎక్కువగా సతాయించేదీ ఇదే.

కారణం: ఇక్కడి రౌటర్ తాను ఐపీలిచ్చిన మెషీన్ల పేర్లు గుర్తుంచుకుని డీఎన్‌ఎస్‌లో, అంటే పేరు అడిగితే నంబరు చెప్పే సేవలో, చెప్పే రకం. కానీ ఎవరో కంప్యూటర్లలో మొదటి డీఎన్‌ఎస్‌గా రౌటర్‌నీ, రెండోదిగా బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8నీ పెట్టారు. కరెంటు పోయింది. కంప్యూటర్లు యూపీఎస్ మీద నిలబడ్డాయి, రౌటర్ ఆగిపోయింది. మొదటి సర్వర్ పలకలేదు కాబట్టి రెండోదానికి మళ్లాయి. రౌటర్ లేచాక కూడా వెంటనే వెనక్కి రాలేదు. బయటి సర్వర్‌కి మీ షాపులోని నాగావళి ఎలా తెలుస్తుంది? "అలాంటి పేరు లేదు" అని చెప్పేస్తుంది.

దాని మీద ఇంకోటి. చాలా చిన్న రౌటర్లు రీస్టార్ట్ అయితే ఎవరికి ఏ నంబరు ఇచ్చాయో మరిచిపోతాయి. కొత్త నంబర్లు పంచితే హోస్ట్స్ ఫైల్లో (ఏ పేరుకి ఏ నంబరో కంప్యూటర్‌లో మనమే రాసిపెట్టుకునే ఫైలు) రాసుకున్న పాతవి తప్పవుతాయి.

పరిష్కారం: రెండో డీఎన్‌ఎస్ తీసేసి రౌటర్‌ని మాత్రమే ఉంచండి. బయటి సర్వర్ కావాలంటే రౌటర్ సెట్టింగుల్లో పెట్టండి, కంప్యూటర్లలో వద్దు. రౌటర్లో అడ్రస్ రిజర్వేషన్ చేసి ఒక్కో మెషీన్‌కీ ఒక్కో నంబరు ఖాయం చేయండి. తర్వాత విండోస్‌లో డీఎన్‌ఎస్ క్యాష్ (దాచుకున్న పాత జవాబులు) ఖాళీ చేయండి, లేకపోతే పాత జవాబే కాసేపు వస్తుంది.

పరీక్షకి ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్ ఒక్కదాన్నే నమ్మకండి. అది డీఎన్‌ఎస్ సర్వర్‌నే అడుగుతుంది, హోస్ట్స్ ఫైల్ చూడదు. ఎన్‌ఎస్‌లుకప్‌లో రాని పేరు పింగ్‌లో రావచ్చు.

సమస్య: వైఫైలో ఉన్నవి కేబుల్‌లో ఉన్నవాటికి కనబడవు

ఫైబర్ బాక్స్ వెనక ఇంకో రౌటర్ తగిలించారేమో చూడండి. ఒక వైపు 192.168.1, ఇంకో వైపు 192.168.0 అని నంబర్లు మొదలైతే అవి రెండు వీధులు. కేక అటు వినిపించదు. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వేరే వీధి పెట్టకుండా వైఫై మాత్రమే ఇచ్చే తీరు) పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దానికి మొదటి వీధిలో ఖాళీగా ఉన్న నంబరు ఇచ్చి, డీహెచ్‌సీపీ (నంబర్లు పంచే పని) ఆపి, కేబుల్‌ని లాన్ పోర్టులో గుచ్చండి. అన్నీ ఒకే వైఫైలో ఉండీ కనబడకపోతే, రౌటర్లో ఏపీ ఐసొలేషన్ (వైఫైలో ఉన్నవాటిని ఒకదానికొకటి కనబడనివ్వని సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి.

సమస్య: పేరు టైపు చేస్తే తెరుచుకుంటుంది, నెట్‌వర్క్ లిస్టులో లేదు

ఇది పేరు దొరక్కపోవడం కాదు, జాబితా సంగతి. ఉబుంటులో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రామ్ వేస్తే విండోస్ లిస్టులోకి వస్తుంది. దీనికోసం ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎమ్‌బీ1 ఆన్ చేయమని ఎవరైనా చెబితే వినొద్దు. 2017లో వాన్నక్రై వైరస్ ఆ దారినే పాకింది.

హోస్ట్స్ ఫైల్ రాసినా పనిచేయకపోతే

నోట్‌ప్యాడ్ సేవ్ చేసేటప్పుడు చివర టీఎక్స్‌టీ తగిలించి ఉంటుంది. ఆ తోక తీసేయండి.

షాపులో ఆఖరున రౌటర్ వైరు కూడా యూపీఎస్‌కి మార్చాం. మెయిన్ స్విచ్ ఆపి చూశాం. రౌటర్‌ని విడిగా ఒకసారి రీస్టార్ట్ చేసి, బాహుదా నుంచి నాగావళికి పింగ్ కొట్టాం. అదే 192.168.1.20 నుంచి జవాబొచ్చింది.