ఇంటి పద్దు – నాలుగో పాఠం: అప్పులన్నీ ఒకే తూకంలో

మూడో పాఠం అయ్యేసరికి మీ నోటుపుస్తకంలో రెండు పేజీలు సిద్ధంగా ఉండాలి. ఒకటి ఇంటి ఖర్చులది, రెండోది అప్పులది. ఖర్చుల పేజీ అడుగున నెలకు ఇంత అని ఒక మిగులు తేలింది. దాన్ని ఏ అప్పు మీద పెట్టాలన్నదే ఈసారి పాఠం. చాలా ఇళ్లలో గట్టిగా అడిగినవాళ్లకే ముందు డబ్బు వెళుతుంది. ఫోన్లో అరిచే ఏజెంటుకు ముందు, నోరు మెదపని ప్రోనోటు ఆసామికి చివర. అరుపుకూ వడ్డీకీ సంబంధం లేదు.

చిక్కు ఎక్కడంటే, ఒక్కొక్కరు ఒక్కో భాషలో వడ్డీ చెబుతారు. బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది. కార్డు కంపెనీ నెల లెక్క చెబుతుంది. బండి షోరూములో "ఫ్లాట్" అంటారు. చీటీలో అసలు వడ్డీ అన్న మాటే వినపడదు. వీటన్నిటినీ మనకు చిన్నప్పటి నుంచి అలవాటైన తూకంలోకి తెద్దాం: నూరు రూపాయలకు నెలకు ఎంత. "రెండు రూపాయల వడ్డీ" అంటే పెద్దగా చదువుకోని ముసలమ్మకు కూడా బరువెంతో తెలుస్తుంది. అదే 24 శాతం అంటే ఉద్యోగం చేసే కొడుక్కి కూడా వెంటనే తట్టదు.

సాధనకు ఒక ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలిద్దరి సంపాదన కలిపి నెలకు చేతికి 42,000. అప్పుల పేజీలో ఉన్నవి ఇవి: క్రెడిట్ కార్డు బాకీ 62,000, ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 1,00,000, బంగారం కుదువ పెట్టి తెచ్చిన 80,000, నెలకు 3,250 చొప్పున బండి కంతు. ఇవి కాక 20 నెలల లక్ష చీటీ ఒకటి నడుస్తోంది, నెలకు 5,000, ఇంకా పాడలేదు. ఖర్చుల పేజీలో తేలిన మిగులు 4,000.

ప్రోనోటు తేలిక, అది ముందే మన భాషలో ఉంది: రెండు రూపాయలు. నెలకు 2,000 కడుతున్నారు, అసలు మాత్రం లక్షగానే ఉంది.

బంగారం అప్పు ఏడాదికి 12 శాతం. పన్నెండుతో భాగిస్తే రూపాయి వడ్డీ. ఇందులో మోసమేమీ లేదు కానీ మరుపు ఉంది. నెలనెలా కంతు ఉండదు కాబట్టి చాలామంది దీన్ని ఖర్చుల పేజీలో రాయరు. ఏడాది తిరిగేసరికి 9,600 వడ్డీ ఒక్కసారి కట్టాలి. చేతిలో లేక, వడ్డీని అసలులో కలిపి తిరగరాస్తే అప్పు 89,600 అవుతుంది, మరుసటి ఏడు వడ్డీ 10,752. గొలుసు మాత్రం అదే గొలుసు. అందుకే ఈ అప్పుకు ఎదురుగా నెలకు 800 అని రాసి, ఆ డబ్బు విడిగా తీసి పెట్టాలి.

బండి దగ్గర జాగ్రత్త. 90,000 అప్పు, 36 నెలలు, 10 శాతం ఫ్లాట్ అన్నారు. ఏడాదికి 9,000 చొప్పున మూడేళ్లకు 27,000 కలిపి, 1,17,000ని 36తో భాగించి కంతు 3,250 చేశారు. పదిని పన్నెండుతో భాగిస్తే 83 పైసల వడ్డీ, బంగారం అప్పు కంటే చౌక అనిపిస్తుంది. కానీ మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నారు, ఫ్లాట్ లెక్కలో వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 90,000 మీదే పడుతోంది. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది దాదాపు 18 శాతం, అంటే రూపాయిన్నర వడ్డీ. రెండు మూడేళ్ల అప్పులకు ఫ్లాట్ అంకెను 1.8తో హెచ్చవేస్తే అసలు రేటుకు బాగా దగ్గరగా వస్తుంది. 2024 అక్టోబరు నుంచి తీసుకున్న అప్పయితే ఈ తిప్పలు కూడా అక్కర్లేదు. బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, ఛార్జీలతో కలిపి ఏడాది రేటు. దాన్ని పన్నెండుతో భాగించండి.

ఇక కార్డు. బిల్లు వెనక సన్న అక్షరాల్లో నెలకు 3.5 శాతం అని ఉంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటే "ఎంత కష్టమొచ్చిందో పాపం" అంటాం. అదే అప్పు జేబులో పెట్టుకుని షాపింగుకు వెళతాం. కనీస బాకీ నూటికి ఐదు చొప్పున ఈ ఇల్లు 3,100 కడుతోంది. అందులో సుమారు 2,560 వడ్డీకీ జీఎస్టీకీ పోగా బాకీ తగ్గేది 540. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీలేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది.

(డైలీ ఫైనాన్స్ ఉన్నవాళ్లు: పదివేలు రాసి చేతికి 9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు చేస్తే అది ఆరు రూపాయల పైమాటే. అది ఉంటే కార్డు కంటే ముందు అదే తీరాలి.)

ఇప్పుడు వరస దానంతటదే వస్తుంది: కార్డు 4.13, ప్రోనోటు 2, బండి 1.50, బంగారం 1. అన్నిటికీ కట్టాల్సిన కనీసం కట్టి, మిగులంతా పై మెట్టు మీదే పెట్టాలి. నాలుగింటికీ తలా వెయ్యి పంచడం న్యాయంగా కనిపిస్తుంది గానీ లెక్కకు నిలవదు. బావగారి దగ్గర వడ్డీ లేకుండా తెచ్చిన చేబదులు ఉంటే మాత్రం అది ఈ వరసలోకి రాదు. దానికి వడ్డీ లేదు, మాట ఉంది. ఇస్తామన్న తేదీ పుస్తకంలో రాసి, ఆ తేదీకి ఇవ్వాలి.

ఈ ఇంటికి ఇంకో దారి ఉంది: చీటీ. దాన్ని పాడి కార్డు తీర్చడం లాభమా? ఈ ప్రశ్నకు ఇంట్లో సాధారణంగా రెండు పక్షాలు ఏర్పడతాయి, ఇద్దరూ లెక్క వేయరు. వేద్దాం.

ఇది పదో నెల. పాట, అంటే ముందే డబ్బు తీసుకోవడానికి వదులుకునే సొమ్ము, 18,000 దగ్గర ఆగేలా ఉంది, అంటే చేతికి 82,000. పాడకుండా చివరిదాకా ఆగితే ఇరవయ్యో నెలలో కమీషను 5,000 పోను 95,000 వస్తుంది. (కమీషను 5 శాతం అనుకున్నాం. 2019 చట్ట సవరణ తర్వాత 7 దాకా తీసుకోవచ్చు, మీ పాసుపుస్తకం చూడండి.) పాడినా పాడకపోయినా మిగిలిన వాయిదాలు కట్టాల్సిందే, కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేయండి. మిగిలింది ఒక్కటే: ఇప్పుడు 82,000, లేదా పది నెలలకు 95,000. తేడా 13,000, నెలకు 1,300. 82,000 మీద నెలకు 1,300 అంటే రూపాయి 58 పైసలు.

నాలుగు రూపాయల అప్పునూ రెండు రూపాయల అప్పునూ రూపాయి యాభై ఎనిమిది డబ్బుతో తీర్చవచ్చు. పాడాలి. బంగారం విడిపించడానికే అయితే పాడకూడదు, అది రూపాయి అప్పు. పాట 18,000 దాటి 22,000 దాకా పోతే తేడా 17,000, చేతికి 78,000, వడ్డీ రెండు రూపాయల 18 పైసలు. అప్పటికీ కార్డుకు లాభమే, ప్రోనోటుకు కాదు. పాటకు వెళ్లే ముందే ఎంత దాకా పాడాలో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది. గదిలో వేడెక్కాక లెక్క గుర్తుండదు.

ఇక్కడ జరిగే పొరపాటు జమానత్తుది. పాట గెలిచాక పూచీకత్తు సంతకాలు కావాలంటారు, తరచుగా ప్రభుత్వోద్యోగులవి. అవి దొరికేదాకా డబ్బు చేతికి రాదు, కార్డు వడ్డీ మాత్రం ఆగదు. సంతకం పెట్టేవాళ్లను ముందే అడిగి, వాళ్ల జీతం స్లిప్పులు చేతిలో పెట్టుకుని పాడాలి.

82,000 వచ్చింది. 62,000 కార్డుకు. కడితే అయిపోయిందనుకోవద్దు: బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా వడ్డీ తర్వాతి బిల్లులో వస్తుంది. మధ్యలో 15 రోజులుంటే సుమారు 1,280. దాన్ని చూడక వదిలేస్తే ఆలస్య రుసుము తోడవుతుంది. కట్టే రోజున కస్టమర్ కేర్‌ను బిల్లులో ఉన్నది ఎంత అని కాకుండా, ఆ రోజుకు పూర్తి బాకీ ఎంత అని అడిగి, మరుసటి బిల్లు సున్నా అయ్యేదాకా కనిపెట్టి ఉండండి. కార్డు నుంచి ఆటోమేటిగ్గా పోయే ఓటీటీ, ఇన్సూరెన్సు చెల్లింపులు ముందే బ్యాంకు ఖాతాకు మార్చుకోవాలి.

మిగిలిన 20,000 ప్రోనోటు అసలుకు. ఇస్తూనే నోటు వెనక తేదీతో చెల్లు రాయించండి, అసలుకు జమ అన్న మాట స్పష్టంగా ఉండాలి. "తర్వాత రాసుకుందాంలే" అన్న చెల్లే రెండేళ్లకు తగువవుతుంది.

ఇక అసలు 80,000. దీనికి ఇంతకు ముందు కట్టే 2,000, కార్డు నుంచి విడుదలైన 3,100, మిగులు 4,000, వెరసి నెలకు 9,100. మొదటి నెల వడ్డీ 1,600 పోను అసలులో 7,500 తగ్గుతుంది. ఇలా పదో నెలలో నోటు చింపవచ్చు. ఇచ్చే వడ్డీ మొత్తం 8,900కి లోపు. అయితే ఊళ్లో అప్పిచ్చినవాళ్లు నెలనెలా చిల్లరగా అసలు తీసుకోవడానికి ఒప్పుకోరు, వాళ్లకు అది మళ్లీ తిప్పుకోవడం కష్టం. మూడు నెలలకోసారి ఇస్తామని అడగండి. అప్పుడు కూడా పదో నెలకే తీరుతుంది, వడ్డీ ఒక 1,560 ఎక్కువ. ఆ మూడు నెలలూ పోగేసే డబ్బు యూపీఐ లేని ఖాతాలో ఉండాలి. ఫోన్‌పేకు తగిలించిన ఖాతాలో ఉంటే అది పోగు కాదు, పాలప్యాకెట్టు డబ్బు.

బండిని ఇప్పుడు కదపకండి. ముందే తీర్చేస్తే ఛార్జీ పడే అవకాశం ఉంది, పైగా రెండు రూపాయల అప్పు ఇంకా నిలిచే ఉంది. కంతు తేదీకి రెండు రోజుల ముందు ఖాతాలో డబ్బు ఉందో లేదో చూసే పని మాత్రం ఇంట్లో ఒకరి పేరున రాయండి. చెక్కు తిరిగినట్టే ఆటో డెబిట్ తిరిగినా బ్యాంకు ఒక ఛార్జీ, ఫైనాన్స్ కంపెనీ ఒక ఛార్జీ వేస్తాయి.

చీటీలో నెలనెలా వచ్చే డివిడెండు సంగతి కూడా తేల్చుకోవాలి. 18,000 పాటలో కమీషను పోను 13,000ని ఇరవై మందికి పంచితే తలా 650. వాయిదా 4,350 కట్టి ఆ 650ని ఖర్చుల్లో కలిపేయకుండా ఒక డబ్బాలో వేయండి. జ్వరానికీ మిక్సీ మరమ్మతుకూ అదే ఆధారం. అది లేని ఇంట్లో మొదటి అవసరానికే కార్డు మళ్లీ బయటికొస్తుంది.

వచ్చే పాఠానికి చేయాల్సిన పని: అప్పుల పేజీలో ప్రతి అప్పు పక్కన నూటికి నెల వడ్డీ పెన్సిల్‌తో రాయండి. ఇంట్లో రెండోవారు చూడకుండా వేరే కాగితం మీద వాళ్ల లెక్క వేయాలి. రెండు కాగితాలూ కలవని చోట అప్పు పత్రం తెరిచి చూడండి. ఐదో పాఠంలో జూన్ స్కూలు ఫీజులనూ దసరా, సంక్రాంతి ఖర్చులనూ ఈ 9,100 కదలకుండా ఎలా సర్దాలో చూద్దాం.